బ్లీచ్‌లో కరిగిపోయిన సేమ్యా: చెన్నై తీరంలో ఒక బ్రయోజోవన్ కేసు

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చెన్నైకి ఉత్తరాన, సముద్రపు నీటిని కూలింగ్‌కి వాడుకునే ఒక ఫ్యాక్టరీ నుంచి. మాట్లాడినాయన మెయింటెనెన్స్ ఇంజనీరు, గుంటూరు వైపు మనిషి. పైపులకీ పడవలకీ పట్టే సముద్రజీవుల్ని గుర్తుపట్టడం నా పని. నా పేరు చూసి తెలుగులోనే మొదలుపెట్టారు. "మేడం, మా ఇన్‌టేక్ స్క్రీన్ మీద కోరల్ పెరుగుతోందండి. వారానికి రెండుసార్లు పైకెత్తి కడుగుతున్నాం. పంపులు ఎప్పుడు ఆగుతాయోనని ఒకటే టెన్షన్."

ఇన్‌టేక్ అంటే సముద్రపు నీళ్లను లోపలికి లాగే చోటు, స్క్రీన్ అంటే అక్కడ అడ్డంగా పెట్టే జాలీ. వారం తిరక్కుండా స్క్రీన్ మూసుకుపోయేంత వేగంగా కోరల్ ఎక్కడా పెరగదు. ఆ మాట అప్పుడే అనబోయి ఆగాను. ముందు వాళ్ల దగ్గర ఏమైనా రిపోర్టు ఉంటే పంపమన్నాను. సాయంత్రానికి వాట్సాప్‌లో రెండు పేజీలు వచ్చాయి. కిందటి ఏడాది ఒక ల్యాబ్ ఇచ్చినది. అందులో ఒకే ఒక్క జీవి పేరుంది: మెంబ్రానిపోరా మెంబ్రనేసియా. పక్కన 'లేస్ కోరల్' అని వివరణ. కింద సిఫారసు ఒక్క లైను: క్లోరిన్ మోతాదు పెంచాలి.

మెంబ్రానిపోరా మెంబ్రనేసియా చల్లటి సముద్రాల బ్రయోజోవన్, గుంపుగా బతికే చిన్న జీవి. ఐరోపా తీరంలో, అమెరికా పసిఫిక్ తీరంలో కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు ఆకుల మీద తెల్లటి జల్లెడ గుడ్డ పరిచినట్టు పాకుతుంది. 1980లలో అమెరికా ఈశాన్య తీరంలో కొత్తగా కనపడి, అక్కడి కెల్ప్ ఆకుల్ని పెళుసుబార్చి తుఫానులకు విరిగిపడేలా చేసిన సంగతి ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. బంగాళాఖాతంలో కెల్పే లేదు. పేరు చెప్పినవాడు ఊరు కూడా చెప్పాలి, రెండూ పొసగాలి. ఈ రిపోర్టులో పేరుంది, ఊరు పొసగలేదు. అంటే ఎవరో ఒక ఐరోపా గైడు ముందేసుకుని, తెల్లటి పొర కనపడగానే అందులో దగ్గరగా ఉన్న బొమ్మ పేరు రాసేశారు.

వెళ్లాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఫీజు సంగతి తర్వాత మాట్లాడాం. అది నా పాత జబ్బు.

అసలు ఇవేమిటి

బ్రయోజోవన్లు అంటే గుంపుగా బతికే చిన్న జంతువులు. ఒక్కో జీవి, మేం జూయిడ్ అంటాం, సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. ఒక్క లార్వా ఎక్కడో అంటుకుని మొదటి గది కడుతుంది. దాన్నుంచి మొగ్గ తొడిగినట్టు రెండోది, మూడోది. అలా వేల గదుల కాలనీ. గదిలోంచి సన్నటి టెంటకిల్స్ గుత్తిగా బయటికొచ్చి నీళ్లలోని సూక్ష్మజీవుల్ని నోట్లోకి తోస్తాయి. చూపుకు కొన్ని నాచులా, కొన్ని పగడంలా, కొన్ని చేపల వలకు పట్టిన పీచులా ఉంటాయి. బ్రయోజోవా అంటేనే గ్రీకులో నాచు జంతువు. 1831లో ఎహ్రెన్‌బర్గ్ పెట్టిన పేరు అది. అంతకు ఏడాది ముందే ఐర్లండులో జె. వాన్ థామ్సన్ వీటిని పాలిజోవా అన్నాడు. పగడానికి తినడానికీ విసర్జించడానికీ ఒకటే దారి. వీటికి నోరు వేరు, మలద్వారం వేరు. అదీ టెంటకిల్స్ వలయానికి బయట. పగడంతో వీటికి చుట్టరికం లేదని తేలింది అక్కడే.

ఇప్పుడు బతికున్న జాతులు సుమారు 6,000. పెద్ద విభాగాలు మూడు. మంచినీళ్లలో మాత్రమే ఉండేవి ఫైలాక్టోలెమాటా, వాటి గొడవ ఇక్కడ అక్కర్లేదు. రెండోది స్టెనోలెమాటా. ఒకప్పుడు సముద్రాలన్నీ ఏలి, ఇప్పుడు సైక్లోస్టోమ్‌లు అనే ఒక్క శాఖగా మిగిలింది. ఈ కేసులో అవి ఒక్కటీ దొరకలేదు. మూడోది జిమ్నోలెమాటా. మన హార్బర్లలో పడవకీ, పైపుకీ, తాడుకీ పట్టేవి దాదాపు అన్నీ ఇందులోవే. ఇందులో మళ్లీ రెండు రకాలు. కైలోస్టోమ్‌ల గోడలు సున్నంతో ఉంటాయి, గది నోటికి తలుపులాంటి మూత ఉంటుంది. టెనోస్టోమ్‌లకు సున్నం లేదు, మూతా లేదు. మెత్తటి సంచులు, అంతే.

ఈ చివరి తేడాను గుర్తుపెట్టుకోండి. కేసు మొత్తం దాని మీదే తిరిగింది.

సైటులో

మార్చి మొదటి శనివారం తెల్లవారుజామున తండయార్‌పేట నుంచి బయల్దేరాను. నాతో పాటు మా డైవర్. శ్రీకాకుళం వైపు మనిషి, ఇరవై ఏళ్లకు పైగా చెన్నై చేపల రేవు కాశిమేడులో ఉంటున్నాడు. వయసులో నాకంటే పెద్దవాడే అయినా నన్ను అమ్మా అంటాడు. నేను అన్నా అంటాను.

స్క్రీన్ అప్పుడే పైకెత్తి ఉంచారు. ఇనప చట్రం, దానికి స్టీలు జాలీ. ఇంజనీరుగారు జాలీ మూలల్లో ఉన్న తెల్లటి పొర చూపించి, ఇదేనండి కోరల్ అన్నారు. పొర ఉన్నమాట నిజమే. చెయ్యి పెట్టి రుద్దితే గరగరలాడింది. కానీ జాలీ కన్నాలను మూసింది ఆ పొర కాదు. కన్నాలకు అడ్డంపడి వేలాడుతున్నది లేత గోధుమరంగు చిక్కు. అన్నయ్య దోసిలితో లాగి చూపించాడు. "ఏటమ్మా ఇది, ఎవరో సేమ్యా ఉడకబెట్టి పారబోసినట్టుంది."

ఇంజనీరుగారు దాన్ని పట్టించుకోలేదు. "అది ఏదో నాచండి, కొట్టుకొచ్చి పడుతుంది. పైపుతో కొడితే పోతుంది. అసలు ప్రాబ్లమ్ గట్టిగా అంటుకున్నది." చాలామంది ఇలాగే అనుకుంటారు. గట్టిగా కనపడేదే దొంగ అని.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఆ రోజు నేను కూడా సగం అలాగే అనుకున్నాను. తెల్ల పొరకు సరైన పేరు పెట్టడమే పని అని ఆ పొర ముక్కల్నే ఎక్కువగా ఏరుకున్నాను. సేమ్యాను ఒక్క సీసాలో కుక్కాను, అదీ అన్నయ్య గొణిగితే. దీనివల్ల వారం వృథా అయింది.

రెండు సీసాలు, రెండు అబద్ధాలు

పాత ల్యాబ్ దగ్గర కిందటి ఏడాది శాంపిల్ ఇంకా ఉందని తెలిసి అడిగి తెప్పించాను. పంపినందుకు వాళ్లను మెచ్చుకోవాలి, చాలామంది పారేస్తారు. రెండు సీసాలు వచ్చాయి.

మొదటి దాంట్లో ఉన్నది శుభ్రం చేసిన అస్థిపంజరాలు. కైలోస్టోమ్‌లను చూడాలంటే వాటి మెత్తటి భాగాన్ని బ్లీచ్‌తో కరిగించి, సున్నం గోడల్ని మాత్రం మిగుల్చుకుని మైక్రోస్కోపు కింద పెట్టడం మామూలే. వాళ్లు మొత్తం శాంపిల్‌ని బ్లీచ్‌లో వేశారు. సున్నం ఉన్నవి మిగిలాయి. సున్నం లేనివి కరిగి నీళ్లలో పోయాయి. స్క్రీన్‌ని మూసేసిన ఆ సేమ్యా మొత్తం టెనోస్టోమ్. అది రిపోర్టులోకి ఎక్కే అవకాశమే లేదు. సాక్షిని బ్లీచ్‌లో ముంచి చంపాక వాంగ్మూలం ఎవరిస్తారు?

రెండో సీసా ఫార్మలిన్. దానికి బఫర్, అంటే ఆమ్లం పెరగకుండా ఆపే పదార్థం, కలపలేదు. ఫార్మలిన్ నిలవుంటే మెల్లగా పులిసినట్టు ఆమ్లంగా మారుతుంది, సున్నాన్ని తినేస్తుంది. ఏడాది గడిచిన ఆ సీసాలో తెల్ల పొర జాడ లేదు, మెత్తటి తోళ్లు మాత్రం తేలుతున్నాయి. ఒక సీసా మెత్తటిదాన్ని దాచింది, ఇంకోటి గట్టిదాన్ని. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి ఉంటే అసలు సంగతి అప్పుడే తెలిసేది. రెండో సీసాను ఎవరూ తెరిచినట్టు లేదు.

నేను శాంపిల్‌ని మూడు భాగాలు చేస్తాను. కొంత ఆల్కహాల్‌లో, కొంత ఎండబెట్టి, కొంత ప్రాణంతో. ప్రాణంతో ఉన్నదే అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. కాశిమేడు నుంచి ల్యాబుకు ఐస్ బాక్సులో తేవాలి, కానీ ఐస్ తగలకూడదు. ఆటోవాడు మీటరుకు పైన ఎందుకివ్వాలో బేరమాడుతున్నంతసేపూ నా ప్రాణం ఆ బాక్సులోనే ఉంటుంది.

సేమ్యాను గాజు గిన్నెలో సముద్రపు నీళ్లలో వేసి కదలకుండా కూర్చున్నాను. పావుగంట ఏమీ లేదు. గాజులా పారదర్శకమైన గొట్టాలు, వాటికి వరసలుగా అతుక్కున్న చిన్న చిన్న సంచులు. తర్వాత ఒక సంచి కొన మెల్లగా తెరుచుకుంది. ఎనిమిది టెంటకిల్స్, గొడుగు తిరగేసి తెరిచినట్టు. పక్కది, దాని పక్కది. ఐదు నిమిషాల్లో గిన్నెంతా గొడుగులే. సంచి గోడలోంచి లోపల గిజార్డ్ ముదురు చుక్కలా కనపడుతోంది, తిన్నదాన్ని నలుపుతూ. పెన్నుతో గిన్నె అంచు తట్టాను. అన్నీ ఒక్క క్షణంలో మూసుకున్నాయి.

అది అమేథియా వెర్టిసిల్లాటా. ఇంగ్లీషులో దాన్ని స్పఘెట్టి బ్రయోజోవన్ అంటారు. మా అన్నయ్య సేమ్యాకు దగ్గరగానే ఉంది.

పేర్ల గొడవ

ఈ జీవిని 1822లో ఇటలీలోని నేపుల్స్ దగ్గర దెల్లె కియాజె అనే ఆయన హైడ్రా అనుకుని వర్ణించాడు. తర్వాత చాలాకాలం జూబోట్రయాన్ అనే పేరుతో ఉంది. మన దేశపు పాత ఫౌలింగ్ రిపోర్టుల్లో, అంటే ఓడలకీ పైపులకీ పట్టే జీవుల మీది రిపోర్టుల్లో, ఆ పేరే కనిపిస్తుంది. 2015లో వేషెన్‌బాఖ్, తోటి పరిశోధకులు డీఎన్ఏ పోల్చి చూసి జూబోట్రయాన్‌నీ, బోవర్‌బ్యాంకియానీ కూడా అమేథియాలో కలిపేశారు. ఆకారం చూసి విడదీసినవి జన్యువుల్లో ఒకే కుటుంబమని తేలింది.

ఇది పుస్తకాల గొడవలా కనపడుతుంది. కానీ నా తొలి రిపోర్టు పంపిన మర్నాడే ఇంజనీరుగారి ఫోన్, గొంతులో కంగారు. పదేళ్ల క్రితం వాళ్ల పర్యావరణ నివేదికలో 'జూబోట్రయాన్' అని ఉందట, నేను 'అమేథియా' అన్నానట. వాళ్ల ఎక్సెల్ షీట్‌లో రెండు లైన్లయ్యాయి. "కొత్త ఇన్వేసివ్ స్పీసీస్ వచ్చిందని హెడ్డాఫీసుకి మెయిల్ వెళ్లిపోయింది మేడం." కొత్తది రాలేదు, ఇంటిపేరు మారింది, అంతే. అప్పటి నుంచి ప్రతి రిపోర్టులో పాత పేరు కూడా రాస్తున్నాను. ముందే చేసి ఉండాల్సింది.

సేమ్యా చిక్కులో ముదురు ఊదా గోధుమరంగు గుబురులు కూడా ఉన్నాయి. బుగులా నెరిటినా. లిన్నేయస్ 1758లోనే దీనికి పేరు పెట్టాడు, అప్పట్లో సెర్టులేరియా నెరిటినా. పిల్లల్ని మోసే తెల్లటి గుండ్రటి అరలు కొమ్మల మీద చిన్న నత్తగుల్లల్లా కనిపిస్తాయి, నెరిటినా అన్న మాట అందుకే. దీని దగ్గరి చుట్టాలకు చాలావాటికి అవిక్యులేరియా అని పక్షి ముక్కులాంటి చిన్న అవయవాలు ఉంటాయి, టక్కున మూసుకుని దగ్గరికొచ్చిన పురుగుల్ని పట్టుకుంటాయి. నెరిటినాకు అవి లేవు. రంగు, ముక్కులు లేకపోవడం, నత్తగుల్ల అరలు, ఈ మూడూ కలిస్తే పొరబడడం కష్టం. అయితే డీఎన్ఏ చూస్తే ఇదీ ఒక్క జాతి కాదు, ఒకేలా కనపడే కనీసం మూడు. మా దగ్గరున్నది ఏదో తేల్చడానికి క్లయింటు డబ్బులివ్వడు, అడగడం న్యాయమూ కాదు. దాని వైద్యం ఏ రకానికైనా ఒకటే. క్యాన్సర్ మందుగా పరీక్షించిన బ్రయోస్టాటిన్ అనే పదార్థం దొరికింది ఈ జీవిలోనే అని చెప్పినప్పుడు ఇంజనీరుగారు మొదటిసారి దాన్ని గౌరవంగా చూశారు.

ఇక తెల్ల పొర. అది ఒకటి కాదు, రెండు. మొదటి దాని గదుల చుట్టూ ముళ్లు, గది మూత మీద కూడా కొమ్ములు తిరిగిన ముళ్లు. ఆర్బోపెర్క్యులా బెంగాలెన్సిస్. దీన్ని 1869లో ఫెర్డినాండ్ స్టోలిచ్కా కలకత్తా దగ్గర పోర్ట్ కానింగ్ ఉప్పుకయ్య నీళ్లలో చూసి వర్ణించాడు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఈ మనిషే మన అరియలూరు, తిరుచ్చి ప్రాంతపు క్రెటేషియస్, అంటే డైనోసార్ల చివరి కాలపు, రాళ్లలోని సముద్రజీవుల శిలాజాల మీద సంపుటాలకు సంపుటాలు రాశాడు. 1874లో మధ్య ఆసియాలోని యార్కండ్ నుంచి తిరిగొస్తూ లదాఖ్‌లో చనిపోయాడు. అప్పటికి ముప్ఫై ఆరేళ్లు. నా ఆల్కహాల్ సీసా మీద ఆయన పెట్టిన 'బెంగాలెన్సిస్' రాస్తున్నప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాను. ఇదీ చాలాకాలం ఎలెక్ట్రా అనే పేరుతో ఉండి, 2010లో ఆర్బోపెర్క్యులా అయింది.

రెండో పొర నాకు తలనొప్పి. గదులు బోలుగా, ముళ్లు పెద్దగా లేవు. కాలనీ మొదలైన చోటు వెతికి పట్టుకుంటే అక్కడ ఒక గదికి బదులు జంట గదులు. మెంబ్రానిపోరా కుటుంబానికి అది ఇంటి గుర్తు. అంటే పాత ల్యాబ్ పూర్తిగా తప్పు కాదు, కుటుంబం పట్టుకుంది, మనిషిని తప్పు పట్టింది. మన పాత జాబితాల్లో ఇలాంటివాటికి సవార్తి అనే పేరు రాసేవారు, ఇప్పటి ప్రకారం బైఫ్లస్ట్రా సవార్తి. ఆ పేరు వెనక ఒక విషాదం ఉంది. నెపోలియన్ ఈజిప్టు దండయాత్రతో వెళ్లిన సవిన్యీ అద్భుతమైన బొమ్మలు గీయించాడు, తర్వాత కంటిజబ్బు వచ్చి వర్ణనలు రాయలేకపోయాడు. 1826లో ఔడువాన్ ఆ బొమ్మలు చూసి పేర్లు పెట్టాడు. బొమ్మ ఒకరిది, పేరు ఒకరిది. దాంతో ఎర్ర సముద్రం నుంచి మన దాకా బోలు గదుల తెల్ల పొర ఎక్కడ కనపడినా ఆ పేరే తగిలించారు. నేను 'బైఫ్లస్ట్రా జాతి, పేరు తేలలేదు' అని రాశాను. క్లయింటుకు నచ్చలేదు. డబ్బు తీసుకుని పేరు చెప్పరా అన్నట్టు మాట్లాడారు. తప్పుడు పేరు వల్ల ఏడాదిగా ఎక్కువ క్లోరిన్ కొన్నది వాళ్లే.

ఎక్కడి నుంచి వస్తోంది

పేర్లు తేలాక అసలు ప్రశ్న. దీనికి జవాబు వర్గీకరణలోనే ఉంది.

మెంబ్రానిపోరా, ఎలెక్ట్రా వర్గాల తల్లులు గుడ్లను నీళ్లలోకి వదిలేస్తాయి. వాటినుంచి వచ్చే లార్వాను సైఫొనాటీస్ అంటారు. రెండు పలుచటి చిప్పల మధ్య త్రికోణంలా ఉండి, తింటూ, కొట్టుకుపోతూ వారాల తరబడి సముద్రంలో బతుకుతుంది. కాబట్టి తెల్ల పొరల మూలం ఎక్కడైనా కావచ్చు. వెతకడం దండగ.

బుగులా, అమేథియా అలా కాదు. పిల్లల్ని ఒంట్లోనే మోసి వదులుతాయి. ఆ లార్వాలు తినవు, కొన్ని గంటల్లో ఎక్కడో అంటుకోవాలి, లేకపోతే చావాలి. మాటతో నమ్మరని ల్యాబులో చూపించాను. బుగులా గుబురును రాత్రంతా నల్ల గుడ్డ కప్పి ఉంచి, పొద్దున్నే కిటికీ దగ్గర పెట్టి గుడ్డ తీశాను. కాసేపటికి గోధుమరంగు చుక్కలు గిన్నెలో ఈదుతూ కిటికీ వైపు అంచుకు చేరాయి. ఇంజనీరుగారు ఫోన్‌లో వీడియో తీసుకున్నారు. మధ్యాహ్నం భోజనం చేసొచ్చేసరికి చాలా చుక్కలు గిన్నె అడుగుకు అతుక్కుపోయాయి.

అంటే వాటి తల్లి దగ్గర్లోనే ఎక్కడో ఉంది. కిలోమీటర్ల అవతల కాదు.

అమేథియాకి ఇంకో గుణముంది, ముక్కలైతే చావదు. విరిగిన గొట్టం ఎక్కడ తగులుకుంటే అక్కడ మళ్లీ పెరుగుతుంది. స్క్రీన్ మీద మనం చూసింది అక్కడ పుట్టి పెరిగినదే కాదు, ఎక్కడో తెగి కొట్టుకొచ్చినది కూడా.

అన్నయ్యను అడిగాను, చుట్టుపక్కల నీళ్లలో కదలకుండా చాలాకాలంగా ఉన్నదేమైనా ఉందా అని. ఆలోచించకుండానే చెయ్యి చూపించాడు. ఇన్‌టేక్‌కి దక్షిణాన, కేక వేస్తే వినపడేంత దూరంలో లంగరేసి ఉన్న పాత బార్జ్, అంటే చదును అడుగు పడవ. మరమ్మతు పనులకని తెచ్చి రెండేళ్లుగా అక్కడే వదిలేశారు. స్క్రీన్ బెడద మొదలైందీ రెండేళ్ల కిందటే. దిగి చూసొచ్చి, మాస్క్ తీస్తూ అన్నాడు: "అడుగంతా గెడ్డమేనమ్మా. మోకాలి లోతు."

మరి ఏడాదంతా ఉన్న బార్జ్ ఫిబ్రవరిలోనే ఎందుకు పగబట్టింది? అక్టోబర్ నుంచి జనవరి దాకా మన తూర్పు తీరం వెంట ప్రవాహం దక్షిణానికి పారుతుంది, ఉత్తర బంగాళాఖాతపు నదుల తేలిక నీళ్లను మోసుకుని. దానికి ఈశాన్య రుతుపవనాల వాన తోడు. ఉప్పదనం పడిపోతుంది, అమేథియా నలిగిపోతుంది. ఫిబ్రవరికి ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, నీళ్లు వేడెక్కి ఉప్పెక్కుతాయి. బార్జ్ దక్షిణాన ఉంది, స్క్రీన్ ఉత్తరాన. అన్నయ్య మాటల్లో అయితే, "సంక్రాంతి పోయాక నీళ్లు అటు లాగుతాయమ్మా, అందరికీ తెల్సిందే." రుతువుతో పెరగడం ఎంత, ప్రవాహం మోసుకురావడం ఎంత అని విడదీసి చెప్పే కొలతలు నా దగ్గర లేవు. రెండూ ఒకే నెలలో ఒకే దిక్కుకు తోస్తున్నాయి, అంతవరకు చెప్పగలను.

జనవరిలో జరిగిన ఒక సంగతి ఇంజనీరుగారు ఆలస్యంగా చెప్పారు. బార్జ్ అడుగును ఒక కాంట్రాక్టరు నీళ్లలోనే గీకించాడట. గీకిన గడ్డమంతా నీళ్లలోకే. అమేథియాకు అంతకంటే మంచి నాటువేత ఉండదు.

ఏం చేశాం

ముందు క్లోరిన్ సంగతి తేల్చాను. డ్రాయింగు తెప్పించి చూస్తే క్లోరిన్ కలిసేది స్క్రీన్ దాటాక, పంపు గదిలో. స్క్రీన్ బయట పడే చిక్కుకు దాంతో సంబంధమే లేదు. ఏడాదిగా పెంచిన మోతాదు లోపలి పైపులకు పనికొచ్చి ఉండొచ్చు, ఫిర్యాదుకు మాత్రం కాదు. కైలోస్టోమ్‌లైతే ఘాటు తగలగానే మూత బిగించుకుని కూర్చుంటాయి కూడా.

రెండు పనులు చెప్పాను. బార్జ్‌ను నీళ్లలోంచి తీసి ఒడ్డున ఎండబెట్టడం, ఎండాకే గీకడం, గీకినది సముద్రంలో వేయకుండా పూడ్చడం. రెండోది, స్క్రీన్ పక్కన నెలనెలా మార్చే టెస్ట్ ప్యానెళ్లు, అంటే ఏవి అంటుకుంటాయో చూసే పలకలు, వేలాడదీయడం. ఈ ప్యానెళ్ల పని కొత్తేమీ కాదు. మద్రాసు హార్బర్‌లో ఇలా అంటుకుని పెరిగే జీవుల ఎదుగుదల, సంతానోత్పత్తి మీద ఎం. డి. పాల్ 1942లోనే రాశాడు. విశాఖ హార్బర్ ఫౌలింగ్ మీద ఆంధ్రా యూనివర్సిటీలో గణపతి, లక్ష్మణరావు, నాగభూషణం 1958లో ప్రచురించారు. నేను వాల్తేరులో చదివేటప్పుడు ఆ పేపరు జిరాక్సు మీద టీ ఒలకబోసుకున్నాను, ఆ మరకతోనే ఇంకా నా దగ్గరుంది.

బార్జ్ తీయడానికి క్రేన్ ఖర్చు ఎవరు పెట్టాలన్న దాని మీద ఏప్రిల్ అంతా గడిచింది. మే రెండో వారంలో తీశారు. చెన్నై మే ఎండ గురించి చెప్పేదేముంది. రెండో రోజుకే అమేథియా ఎండి గోధుమరంగు కాగితంలా ఇనప్పలకకు అతుక్కుపోయింది. బుగులా పొడిపొడి. వాసన మాత్రం వారం రోజులు పోలేదు, గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి నన్ను చూస్తే ముక్కు మూసుకునేవాడు.

తర్వాత

మరుసటి ఫిబ్రవరి, మార్చిల్లో స్క్రీన్‌ను నెలకోసారి కడిగితే సరిపోయింది. మంచి ఫలితమే. కానీ ఘనతంతా నాది అనుకోలేను. అంతకుముందు వానాకాలం గట్టిగా పడింది, ఉప్పదనం మామూలు కంటే ఆలస్యంగా పెరిగింది. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకండి అని రిపోర్టులోనే రాశాను. ఆ వాక్యం వాళ్ల ప్రెజెంటేషన్‌లో లేదని తర్వాత తెలిసింది.

ప్యానెళ్ల మీద వరస ఆసక్తిగా ఉంది. నవంబర్, డిసెంబర్ ప్యానెళ్ల మీద బ్రయోజోవన్లలో దాదాపు ఆర్బోపెర్క్యులా ఒక్కటే. ఉప్పు తగ్గిన నీళ్లలో మిగతావి వెనకాడుతుంటే పోర్ట్ కానింగ్ వారసురాలు దర్జాగా పాకింది. జనవరి చివర బైఫ్లస్ట్రా. మార్చిలో బుగులా, అక్కడక్కడా పిలకలు. అమేథియా ఏప్రిల్ దాకా కనపడలేదు, కనపడ్డాక కూడా వేలెడంత.

ఆ వేలెడంత ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే తిక్కగా ఉంటుంది. అమేథియా మనది కాదు. పుట్టిల్లు మధ్యధరా అని ఒకప్పుడు అనుకున్నారు, కరీబియన్ అని ఇప్పుడు వాదిస్తున్నారు. ఏదైనా, ఓడల అడుగున ప్రపంచమంతా తిరిగింది. కాబట్టి పక్కనున్న పెద్ద ఓడరేవుల్లోంచి ముక్కలు వస్తూనే ఉంటాయి. బార్జ్ పోయింది, సముద్రం పోలేదు. మెరీనాలో తుఫాను మర్నాడు నడిస్తే కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సీసాల మీద తెల్లటి లేసు కనపడుతుంది, చాలావరకు జెల్లియెల్లా అనే ఇంకో బ్రయోజోవన్. ఒకప్పుడు తేలే నాచు మీద తిరిగేది, ఇప్పుడు వాటర్ బాటిల్ కూడా దానికి వాహనమే.

బైఫ్లస్ట్రా పేరు ఇంకా తేలలేదు. ఆల్కహాల్‌లో ఒక ముక్క, ఎండబెట్టినది ఒక ముక్క నా అల్మారాలో రెండో అరలో ఉన్నాయి. ఎస్ఈఎం, అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, స్లాట్ దొరికినప్పుడు బంగారు పూత పూయించి చూడాలి. మొన్న అన్నయ్య కాశిమేడు నుంచి ఒక తాడు ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు, దాని మీద అలాంటిదే ఇంకో తెల్ల పొర. "ఇది కూడా పేరు లేనిదేనేటమ్మా?" అన్నాడు. లెన్సు కింద పెట్టి జంట గదులు ఎక్కడున్నాయా అని వెతుకుతున్నాను.